రసీదు మెయిల్: బట్వాడా పూచీ

లావాదేవీ మెయిల్ అంటే ఒక మనిషి చేసిన ఒక పనికి బదులుగా, ఆ ఒక్క మనిషికే, యంత్రం తనంతట తాను పంపే ఉత్తరం. ఇంటర్నెట్‌లో చీర కొని డబ్బు కడితే వచ్చే రసీదు అలాంటిది. పాస్‌వర్డ్ మరిచిపోతే వచ్చే లింకు, బ్యాంకు పంపే ఓటీపీ, రైలు టికెట్టు, కరెంటు బిల్లు కట్టినట్టు చెప్పే రెండు వాక్యాలు, అన్నీ ఈ కోవలోవే. పండగ తగ్గింపు ధరల గురించి లక్ష మందికి ఒకేసారి వెళ్లే ప్రకటన మెయిల్ దీనికి దూరపు చుట్టం కూడా కాదు. ప్రకటన రాకపోతే ఎవరూ వెతకరు. రసీదు రాకపోతే మాత్రం డబ్బు కట్టిన మనిషి రెండు నిమిషాలకే మెయిల్ తెరిచి చూస్తుంది, అయిదు నిమిషాలకు స్పామ్ ఫోల్డరు తిరగేస్తుంది, పదో నిమిషానికి దుకాణానికి ఫోను చేస్తుంది.

ఈ ఉత్తరాన్ని పంపడం పైకి చాలా తేలిక. ఏ ప్రోగ్రామింగ్ భాషలోనైనా నాలుగు వరుసలు రాస్తే చాలు. కష్టమంతా అవతలివాళ్లు దాన్ని పుచ్చుకోవడంలో ఉంది. అందుకే చాలామంది తమ సర్వర్ నుంచి నేరుగా పంపకుండా, ఆ పని కోసమే ఉన్న రిలే సేవకు అప్పగిస్తారు. రిలే అంటే ఒకరి దగ్గర అందుకుని మరొకరికి అందించే మధ్యవర్తి.

ఈ మధ్యవర్తి అవసరం ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మెయిల్ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష పేరు ఎస్‌ఎంటీపీ. జాన్ పోస్టెల్ దాన్ని 1982 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రంగా రాసిపెట్టారు. అప్పటి నెట్‌వర్క్ చిన్న ఊరు లాంటిది. విశ్వవిద్యాలయాలు, పరిశోధనశాలలు, వాటిలో పనిచేసేవాళ్లు చాలావరకు ఒకరికొకరు ఎరుగున్నవాళ్లే. పంపుతున్నది ఎవరో నిరూపించుకోవాలన్న మాటే ఆ పత్రంలో లేదు. ఏ సర్వరైనా ఎవరి ఉత్తరాన్నైనా అందుకుని ముందుకు పంపేది. బస్సు డ్రైవరు చేతికి సంచి ఇచ్చి, పక్క ఊళ్లో ఫలానా కొట్టు దగ్గర దింపమన్నట్టు. తొంభయ్యో దశకంలో ఆ మర్యాదే కొంప ముంచింది. ప్రకటనలు గుప్పించేవాళ్లు ఇలా తలుపు తెరిచి ఉన్న సర్వర్లను వెతుక్కుని, ఒక్క కాపీ ఇచ్చి వేలమందికి పంచిపెట్టమనడం మొదలుపెట్టారు. 1997లో పాల్ విక్సీ మొదలుపెట్టిన జాబితా, మరుసటి ఏడు పుట్టిన స్పామ్‌హౌస్ సంస్థ, అలాంటి చోట్ల ఐపీ చిరునామాలను బ్లాక్‌లిస్టులో పెట్టాయి. జాబితాకెక్కిన చిరునామా నుంచి వచ్చే ఉత్తరాన్ని అవతలి సర్వర్ గుమ్మంలోనే తిప్పి కొట్టేది. తలుపులు ఒకటొకటిగా మూసుకున్నాయి. 1998 డిసెంబరులో, సొంత వాడుకరుల ఉత్తరాలు తీసుకోవడానికి 587 అనే వేరే పోర్టు, అంటే వేరే ద్వారం, ఏర్పడింది. 1999లో పేరూ పాస్‌వర్డూ అడిగే పద్ధతికి ప్రమాణం వచ్చింది. ఇప్పటి రిలే సేవ ఆ పాత తెరిచిన తలుపుకు సరిగ్గా ఎదురు. ఇక్కడ గుర్తింపు చూపనిదే లోపలికి రానివ్వరు.

ఈరోజు మెయిల్ లోకంలో చెల్లేది పరపతి. ఉత్తరం ఏ ఐపీ చిరునామా నుంచి వచ్చింది, ఏ డొమైన్ పేరు మీద వచ్చింది, ఆ రెండింటి గత చరిత్ర ఏమిటి అన్నది చూసే జీమెయిల్ లాంటి సంస్థలు ఉత్తరాన్ని ఇన్‌బాక్సులో వేయాలో, స్పామ్‌లో పడేయాలో, వెనక్కి పంపాలో తేలుస్తాయి. కొత్తగా అద్దెకు తీసుకున్న సర్వరుకు చరిత్ర ఉండదు, లేదా అంతకుముందు అద్దెకున్నవాడు మిగిల్చిపోయిన చెడ్డ చరిత్ర ఉంటుంది. పైగా సర్వర్ల మధ్య మెయిల్ నడిచేది 25వ పోర్టు మీద. అమెజాన్ ఈసీ2, గూగుల్ క్లౌడ్ వంటివి అద్దెకిచ్చే యంత్రాల నుంచి బయటికి వెళ్లే ఆ దారిని మొదట్లోనే మూసి ఉంచుతాయి. సొంతంగా మెయిల్ సర్వర్ నడుపుకోవడం గొప్ప చదువే. నెలకు నాలుగు వందల రసీదులు పంపే దుకాణానికి మాత్రం అది పాల కోసం గేదెను కొనడం లాంటిది. రిలే సేవ తన ఐపీ చిరునామాల పరపతిని అద్దెకిస్తుంది. డొమైన్ పేరు పరపతి మాత్రం పంపేవాళ్లు సొంతంగా సంపాదించుకోవలసిందే.

ఇలాంటి సేవలు 2009 నుంచి వరుసగా వచ్చాయి. సెండ్‌గ్రిడ్ ఆ ఏడాదిది. మెయిల్‌గన్ మరుసటి ఏడాదిది. పోస్ట్‌మార్క్ కూడా ఆ రోజుల్లోదే. అమెజాన్ ఎస్‌ఈఎస్ 2011 జనవరిలో మొదలైంది. చెన్నై కేంద్రంగా పెరిగిన జోహో సంస్థకు జెప్టోమెయిల్ ఉంది. అన్నిటి పద్ధతీ దాదాపు ఒకటే కనుక, ఒక దాన్ని పట్టుకుని చివరిదాకా చూడటం మేలు. ఉదాహరణకు, మంగళగిరి చీరలు అమ్మే చిన్న వెబ్‌సైటు ఒకటి అనుకోవచ్చు. దానికి సొంత డొమైన్ ఉంది. లినక్స్ సర్వర్ మీద నడుస్తోంది. ఆ సర్వర్‌లో పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ ప్రోగ్రాము ఉంది. అది ఉత్తరాలను ముంబయిలోని ఎస్‌ఈఎస్‌కు అందించాలి. ధర వెయ్యి మెయిళ్లకు 10 సెంట్లు, అంటే పది రూపాయల లోపే. ఈ వ్యవహారంలో డబ్బు పెద్ద ఖర్చు కాదు, శ్రద్ధే ఖర్చు.

అమరిక మొదలుపెట్టే ముందు రెండు సర్వర్ల మధ్య జరిగే సంభాషణ ఒకసారి వినాలి. పంపే సర్వర్ ముందు పలకరించి తన పేరు చెబుతుంది. ఎవరి నుంచి అన్నది చెబుతుంది. ఎవరికి అన్నది చెబుతుంది. ప్రతి మాటకూ అవతలి సర్వర్ మూడంకెల సంఖ్యతో జవాబిస్తుంది. 250 అంటే సరే. 354 అంటే ఉత్తరం చదువు, వింటున్నాను. ఉత్తరమంతా చదివాక పంపే సర్వర్ ఒక వరుసలో ఒంటరిగా ఒక చుక్క పెడుతుంది. దానికి మళ్లీ 250 వస్తే పని అయినట్టు. ఆ చివరి 250కి అర్థం ఉత్తరం చేరిందని కాదు. ఇకనుంచి దీని పూచీ నాది అని. చేరవేస్తాను, చేరవేయలేకపోతే ఆ సంగతి తిరిగి చెబుతాను అని ఒప్పుకోవడం. దుకాణం ప్రోగ్రాము నుంచి పోస్ట్‌ఫిక్స్‌కు, అక్కడి నుంచి ఎస్‌ఈఎస్‌కు, అక్కడి నుంచి కొనుగోలుదారు మెయిల్ సంస్థకు, ఆ పూచీ మూడు చేతులు మారుతుంది. అమరికలో వచ్చే తగాదాలన్నీ ఏ క్షణాన పూచీ ఎవరి చేతిలో ఉందో గుర్తించలేకపోవడం వల్లే వస్తాయి.

జవాబులో మొదటి అంకె 4 అయితే ఇప్పుడు కుదరదు, కాసేపాగి రమ్మని. 5 అయితే ఎప్పటికీ కుదరదని. 550 తరచుగా వినిపించే సంఖ్య. ఆ పేరుతో ఇక్కడెవరూ లేరని చెప్పడానికి ఎక్కువగా అదే వాడతారు. ఒక చిక్కు మాత్రం ఉంది. చుక్క పెట్టాక అవతలి సర్వర్ ఉత్తరం తీసుకుని, 250 చెప్పేలోగా లైను తెగిపోతే ఏమిటి? పంపినవాడికి జవాబు వినపడలేదు కనుక మళ్లీ పంపుతాడు. అందుకున్నవాడి దగ్గర అప్పటికే ఒకటి ఉంది. ఒకే రసీదు రెండుసార్లు చేరుతుంది. 1988లోనే క్రెయిగ్ పార్ట్‌రిడ్జ్ ఈ చిక్కు మీద ఆర్‌ఎఫ్‌సీ 1047 రాశారు. ఇప్పటికీ ఇది పూర్తిగా పోలేదు. ఉత్తరం పోవడం కన్నా రెండుసార్లు రావడం నయమన్నది ఎస్‌ఎంటీపీ ఎంచుకున్న దారి.

ఇక అమరిక. అన్నిటికన్నా ముందు డొమైన్ తమదేనని రుజువు చూపాలి. ఇక్కడే ఎక్కువ మంది తడబడతారు, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. ప్రతి మెయిల్‌కూ పంపినవారి చిరునామాలు రెండు ఉంటాయి. తపాలా ఉత్తరంలాగే. కవరు మీద ఒక చిరునామా, చేరకపోతే ఉత్తరం తిరిగి వచ్చేది అక్కడికి. లోపల కాగితం మీద అచ్చయిన పేరు మరొకటి, చదివేవారికి కనబడేది అది. ఈ రెండూ ఒకటే కానక్కరలేదు. చాలా మోసాలు ఈ సందులోంచే దూరాయి. దాన్ని పూడ్చడానికి ఒకదాని తర్వాత ఒకటిగా మూడు ఏర్పాట్లు వచ్చాయి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. మూడూ డొమైన్ యజమాని డీఎన్ఎస్‌లో, అంటే డొమైన్ పేర్ల బహిరంగ పట్టికలో, పెట్టే రికార్డుల మీదే ఆధారపడతాయి.

ఎస్‌పీఎఫ్ కవరు మీది డొమైన్‌ను చూస్తుంది. ఈ డొమైన్ పేరుతో ఫలానా ఐపీ చిరునామాల నుంచే ఉత్తరాలు వస్తాయని యజమాని ముందే చాటుతాడు. దీనికి రెండు కట్టుబాట్లున్నాయి. ఒక పేరుకు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. పాతదాన్ని ఉంచి పక్కన కొత్తది పెడితే రెండూ చెల్లవు. పైగా ఆ రికార్డును విప్పడానికి మొత్తం 10కి మించి డీఎన్ఎస్ ఆరాలు అవసరం కాకూడదు. ఎస్‌ఈఎస్ విషయంలో ఒక మెలిక ఉంది. విడిగా చెప్పకపోతే అది కవరు మీద తన సొంత డొమైన్ పేరే వేస్తుంది. అలాంటప్పుడు దుకాణం ప్రధాన డొమైన్ ఎస్‌పీఎఫ్ రికార్డులో అమెజాన్ పేరు చేర్చినా ఒరిగేదేమీ లేదు, ఆ రికార్డును చూసేవాడే ఉండడు. చాలా సూచనల్లో ఈ అనవసరపు మెట్టు మంత్రంలా కనిపిస్తుంది. సరైన దారి వేరు. కవరు కోసం ఒక ఉపడొమైన్ కేటాయించాలి. తిరుగు ఉత్తరాలు ఎస్‌ఈఎస్‌కు చేరేట్టు ఒక ఎమ్ఎక్స్ రికార్డు, దానికే ఒక ఎస్‌పీఎఫ్ రికార్డు పెట్టాలి.

డీకిమ్ పని సంతకం. యాహూ తెచ్చిన డొమైన్‌కీస్, సిస్కో తెచ్చిన మరో పద్ధతి కలిసి 2007లో ప్రమాణమైంది. పంపే సేవ తన రహస్య తాళంతో ఉత్తరం ఒంటి మీద, ముఖ్యమైన శీర్షికల మీద సంతకం చేస్తుంది. దాన్ని సరిచూసే బహిరంగ తాళం డీఎన్ఎస్‌లో ఉంటుంది. దారిలో ఎవరైనా అక్షరం మార్చినా సంతకం చెల్లదు. ఒకరి పెట్టె నుంచి మరొకరి పెట్టెకు ఉత్తరం ఫార్వర్డ్ అయినప్పుడు ఐపీ మారిపోతుంది కనుక ఎస్‌పీఎఫ్ ఓడిపోతుంది. సంతకం మాత్రం చెక్కుచెదరదు. ఈ రెంటిలో నమ్ముకోదగ్గది డీకిమే. ఎస్‌ఈఎస్ ఇందుకు మూడు సీనేమ్ రికార్డులు ఇస్తుంది. వాటిని డీఎన్ఎస్‌లో పెట్టేస్తే తాళాలు మార్చే పని కూడా అదే చూసుకుంటుంది. బహిరంగ తాళాన్ని స్వయంగా టెక్స్ట్ రికార్డుగా పెట్టేవాళ్లకు ఒక ఇబ్బంది. టెక్స్ట్ రికార్డులో ఒక్కో తునక 255 అక్షరాలకు మించకూడదు, 2048 బిట్ల తాళం అంతకన్నా పొడవు. దాన్ని రెండు ముక్కలు చేసి పెట్టాలి. అది మరిచి, సంతకం ఎందుకు చెల్లడం లేదో తెలియక ఒక పగలంతా పోగొట్టుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

2015లో ఆర్‌ఎఫ్‌సీ 7489గా వచ్చిన డీమార్క్ ఈ రెంటినీ చదివేవారికి కనబడే పేరుతో ముడివేస్తుంది. ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ నెగ్గాలి, నెగ్గిన డొమైన్ కాగితం మీది పేరుతో కలవాలి. ఏదీ కలవకపోతే ఏం చేయాలో కూడా యజమానే చెబుతాడు. ఊరికే చూసి నివేదిక పంపు, స్పామ్‌లో వేయి, తిప్పికొట్టు అన్నవి మూడు మెట్లు. మొదటి మెట్టు మీద కొన్ని వారాలు నిలబడి, వచ్చే నివేదికలు చదివి, ఆ తర్వాతే పైకెక్కడం మంచిది. ఆ నివేదికలు చదివితే, కొన్నేళ్ల కిందట ఎవరో పెట్టి మరిచిపోయిన బిల్లింగ్ ప్రోగ్రాము ఒకటి ఇంకా ఇదే పేరుతో మెయిళ్లు పంపుతోందని బయటపడటం మామూలే. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్ద మొత్తంలో పంపేవాళ్లకు ఈ మూడింటినీ తప్పనిసరి చేశాయి. గూగుల్ లెక్కలో పెద్ద మొత్తమంటే జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000. చిన్న దుకాణం ఆ గీత కింద ఉన్నా మూడూ పెట్టుకోవడమే తెలివి.

కొత్త ఎస్‌ఈఎస్ ఖాతా మొదట శాండ్‌బాక్స్‌లో ఉంటుంది. అంటే రోజుకు 200 మెయిళ్లు, సెకనుకు ఒకటి, అవీ ముందే ధ్రువీకరించిన చిరునామాలకే. బయటపడాలంటే ఎవరికి, ఎందుకు, ఎలా పంపుతారో రాసి దరఖాస్తు చేయాలి. దాన్ని పొడిపొడిగా నింపేవాళ్లకు తిరస్కారం ఎదురవుతుంటుంది. కొనుగోలుదారు చిరునామా ఎలా వస్తుంది, తిరిగొచ్చిన మెయిళ్లను ఏం చేస్తారు అన్నది నాలుగు వాక్యాల్లో స్పష్టంగా రాయడం మేలు.

పోస్ట్‌ఫిక్స్‌లో మార్చవలసింది తక్కువే. రిలేహోస్ట్ అనే వరుసలో ముంబయి ఎస్‌ఈఎస్ సర్వర్ పేరు, పక్కన 587 పోర్టు రాయాలి. సర్వర్ పేరును చదరపు బ్రాకెట్లలో పెట్టాలి. అవి లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకు ఎమ్ఎక్స్ రికార్డు వెతుకుతుంది, బ్రాకెట్లు ఉంటే నేరుగా అదే యంత్రానికి వెళుతుంది. పేరూ పాస్‌వర్డూ ఉన్న ఫైలు దారి చెప్పాలి, ఎన్‌క్రిప్షన్ లేనిదే పంపవద్దని గట్టిగా చెప్పాలి. ఆ ఫైలును నిర్వాహకుడు తప్ప ఎవరూ చదవలేకుండా తాళం వేయాలి. ఇక్కడ వాడే పేరూ పాస్‌వర్డూ అమెజాన్ ఖాతా లాగిన్ కాదు, ఎస్‌ఎంటీపీ కోసం విడిగా తయారు చేసుకునేవి. ఇవి పొరపాటున గిట్‌హబ్‌లో పడితే గంటలు గడవకముందే ఎవరో పట్టుకుని ఆ ఖాతా మీద మోసపు మెయిళ్లు కుమ్మరించగలరు. అప్పుడు పోయేది డబ్బు ఒక్కటే కాదు, డొమైన్ పరపతీ పోతుంది.

ఇంకో అమరిక ఎవరూ చెప్పనిది. పోస్ట్‌ఫిక్స్ చేరని ఉత్తరాన్ని మామూలుగా 5 రోజులపాటు వరుసలో ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మనుషులు రాసుకునే ఉత్తరాలకు అది మంచి ఓర్పే. పది నిమిషాల్లో గడువు తీరే ఓటీపీ శనివారం బయలుదేరి గురువారం చేరితే నవ్వులపాలు. ఓటీపీ పంపే సర్వరుకు ఈ గడువు తగ్గించాలి.

దుకాణం ప్రోగ్రాములో ఒక క్రమం పాటించాలి. డబ్బు కట్టే మీట నొక్కిన మనిషిని మెయిల్ వెళ్లేదాకా నిలబెట్టకూడదు. ఆర్డరును డేటాబేసులో రాసేటప్పుడే, పంపవలసిన మెయిల్‌నూ అదే లావాదేవీలో ఒక పట్టికలో రాసిపెట్టాలి. వెనక ఒక ప్రోగ్రాము ఆ పట్టికను చూస్తూ ఒకటొకటే పంపుతూ, పంపినదానికి గుర్తు పెడుతుంది. ఆర్డరు నిలబడితే మెయిల్ నిలబడుతుంది, ఆర్డరు రద్దయితే మెయిల్ కూడా పుట్టదు. ఆర్డరు సంఖ్యను, మెయిల్ రకాన్ని కలిపి రెండోసారి రాయడానికి వీల్లేని గుర్తుగా పెట్టుకుంటే అదే రసీదు ఆ పట్టికలోకి రెండోసారి ఎక్కదు. అలాగే పేరు రాయమన్న గడిలో కొందరు దుర్మార్గులు కొత్త వరుస గుర్తు దూర్చి, దాని వెనక మరో చిరునామా రాస్తారు. ప్రోగ్రాము ఆ పేరును ఉన్నదున్నట్టు శీర్షికలో అతికిస్తే ఆ మెయిల్ అనుకోని చోటికి వెళుతుంది. శీర్షికల్లోకి వెళ్లే ప్రతి మాటలోంచీ వరుస విరుపులు తీసేయాలి.

తెలుగులో రసీదు పంపేవాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. మెయిల్ శీర్షికలు ఇంగ్లీషు అక్షరాల కాలంలో పుట్టినవి. వేరే లిపిలో విషయం రాయాలంటే దాన్ని సంకేత పదాలుగా మార్చాలని 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 చెబుతుంది. ఒక్కో సంకేత పదం 75 అక్షరాలు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా 3 బైట్లు. ముందూ వెనకా ఉండే గుర్తులు పోగా ఒక సంకేత పదంలో 45 బైట్లు పడతాయి, అంటే 15 తెలుగు గుర్తులు. ‘మీ ఆర్డరు అందింది’ అన్న మూడు మాటల విషయం తీసుకుంటే గుర్తులు 15, మధ్య ఖాళీలు రెండు, మొత్తం 47 బైట్లు. ఒక పదంలో పట్టదు. రెండుగా విరచాలి. అక్షరం తెగకుండా విరచాలని నియమం. అది తెలియని ప్రోగ్రాము 45వ బైటు దగ్గర కత్తెర వేస్తే చివరి ‘ది’ మీది గుడి రెండు ముక్కలవుతుంది. ‘మీ ఆర్డరు అందింద’ అని వచ్చి, పక్కన ప్రశ్నార్థకం ఉన్న నల్ల వజ్రాలు మెరుస్తాయి. ఇంగ్లీషు విషయంతో పరీక్షించి సరే అనుకున్న దుకాణం ఈ సంగతి కొనుగోలుదారు చెబితే గానీ తెలుసుకోదు. శీర్షికలను చేత్తో అతికించకుండా, ఈ పని తెలిసిన లైబ్రరీకి వదిలేయడమే మందు. చిరునామాలోనే ఎట్ గుర్తుకు ముందు తెలుగు అక్షరాలు రాసుకునే వీలు 2012 నుంచి ప్రమాణాల్లో ఉంది. ఎస్‌ఈఎస్ మాత్రం దాన్ని ఒప్పుకోదు.

పంపడంతో సగమే అయింది. మిగతా సగం, తిరిగొచ్చే కబుర్లు వినడం. చిరునామాలో ఒక అక్షరం తప్పు రాసిన కొనుగోలుదారు, మూసేసిన పెట్టె, ఇవి బౌన్సులు. ఉత్తరం చేరాక చదివినవారు ఇది స్పామ్ అని మీట నొక్కితే అది ఫిర్యాదు. ఎస్‌ఈఎస్ ఈ కబుర్లను ఎస్ఎన్ఎస్ అనే మరో సేవ ద్వారా దుకాణం ఇచ్చిన వెబ్ చిరునామాకు పంపుతుంది. జీమెయిల్ మాత్రం ఏ వ్యక్తి ఫిర్యాదు చేశారో చెప్పదు, మొత్తం శాతాన్ని పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో చూపుతుంది. కబురు నిజంగా అమెజాన్ నుంచే వచ్చిందా అని సంతకం సరిచూడాలి. లేకపోతే ఎవరైనా దొంగ కబురు పంపి మంచి చిరునామాలను మూయించగలరు. శాశ్వతంగా చేరని చిరునామాకు మళ్లీ పంపకూడదు. దాన్ని నిరోధ జాబితాలో వేయాలి. బౌన్సులు 5 శాతం దాటితే అమెజాన్ ఖాతాను పరిశీలనలో పెడుతుంది, 10 దాటితే పంపడం ఆపేయవచ్చు. ఫిర్యాదుల గీతలు ఇంకా సన్నం, 0.1 శాతం, 0.5 శాతం. నిరోధ జాబితాలో పడిన మనిషి చేతిలో రసీదు లేకుండా మిగలకూడదు కదా. ఆర్డరు పేజీలోనే మెయిల్ చేరలేదు, చిరునామా సరిచూసుకోండి అని చూపే దుకాణాలు తక్కువ. చూపితే ఫోను పిలుపులు తగ్గుతాయి.

ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేది రసీదుల వల్ల కాదు, వాటి పక్కన పంపే ప్రకటనల వల్ల. అందుకే రెంటినీ ఒకే డొమైన్ మీద కలపకూడదు. రసీదులకు ఒక ఉపడొమైన్, ప్రకటనలకు మరొకటి ఉండాలి. దీపావళి ప్రకటన మీద కోపం ఓటీపీల మీద పడకుండా ఇదే అడ్డు. రసీదు అడుగున నాలుగు చీరల బొమ్మలు పెట్టి ఇవి కూడా చూడండి అనే అలవాటు కూడా ఈ గోడకు కన్నం పెట్టడమే.

ప్రకటనల కోసం పుట్టిన ఇంకో అలవాటు ట్రాకింగ్. ఎవరు లింకు నొక్కారో తెలుసుకోవడానికి సేవ ప్రతి లింకునూ తన చిరునామాగా మార్చి పెడుతుంది. పాస్‌వర్డ్ మార్చే మెయిల్‌లో ఈ పని చేస్తే చూసేవారికి తెలియని డొమైన్ కనబడుతుంది, అది మోసపు మెయిల్‌లా ఉంటుంది. లావాదేవీ మెయిళ్లకు దీన్ని ఆపేయాలి. దీనికి తోడు చాలా కార్యాలయాల్లో భద్రతా ప్రోగ్రాములు ఉత్తరం మనిషికి చేరకముందే అందులోని లింకులన్నీ తెరిచి చూస్తాయి. ఒకసారే పనిచేసే లింకు వాటి చేతిలోనే ఖర్చయిపోతుంది. మనిషి నొక్కితే ఈ లింకు గడువు తీరిందని వస్తుంది. లింకు తెరిస్తే ఒక పేజీ రావాలి, ఆ పేజీలో మీట నొక్కినప్పుడే పని జరగాలి.

యంత్రం పంపే ఉత్తరానికి యంత్రమే జవాబిస్తే రెండూ ఒకదానికొకటి ఆగకుండా రాసుకోగలవు. సెలవులో ఉన్నానని చెప్పే స్వయం జవాబు అలాంటిది. ఆటో సబ్‌మిటెడ్ అనే శీర్షిక పెడితే, 2004 నాటి ప్రమాణం ప్రకారం, బుద్ధిగల యంత్రాలు ఊరుకుంటాయి. పంపినవారి పేరులో నోరిప్లై అని రాసి చేతులు దులుపుకోవడం మాత్రం మంచి పద్ధతి కాదు. రసీదు అందుకున్న మనిషి మొదట ప్రశ్న అడిగేది ఆ రసీదుకు జవాబుగానే. అది దుకాణంలో ఎవరో ఒకరి పెట్టెకు చేరాలి.

పరీక్షల కోసం ఊహించిన చిరునామాలు వాడకూడదు, వాటిలో కొన్ని నిజంగా ఎవరివో అయి ఉంటాయి. ఎస్‌ఈఎస్ ఇందుకోసమే బొమ్మ పెట్టెలు ఉంచింది. ఒకటి ఎప్పుడూ ఉత్తరం తీసుకుంటుంది, ఒకటి బౌన్స్ చేస్తుంది, ఒకటి ఫిర్యాదు చేస్తుంది. ఇవి ఖాతా శాతాల్లోకి ఎక్కవు. మూడింటికీ పంపి, మూడు కబుర్లూ దుకాణం డేటాబేసులో సరిగా నమోదయ్యాయో లేదో చూడాలి. తర్వాత నిజమైన జీమెయిల్, యాహూ, అవుట్‌లుక్ పెట్టెలకు తెలుగు విషయంతో ఒక్కో రసీదు పంపాలి. జీమెయిల్‌లో ఉత్తరం మూలరూపం చూపే ఏర్పాటు ఉంది. అక్కడ ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి పక్కనా పాస్ అని ఉండాలి. డీకిమ్ పక్కన కనబడే డొమైన్ దుకాణానిదై ఉండాలి.

నడక మొదలయ్యాక రోజూ చూడవలసినవి మూడే. ఎన్ని ఆర్డర్లకు ఎన్ని రసీదులు బయలుదేరాయి, వాటిలో ఎన్నిటికి చేరినట్టు కబురు వచ్చింది, వరుసలో అన్నిటికన్నా పాత ఉత్తరం వయసెంత. మూడోదానికి పోస్ట్‌ఫిక్స్‌లో మెయిల్‌క్యూ అనే ఆదేశం ఉంది. వరుస ఖాళీ అని అది చెబితే పూచీ పోస్ట్‌ఫిక్స్ చేతిలో లేదని మాత్రమే అర్థం. కొనుగోలుదారు ఫోను చేసి రసీదు రాలేదంటే, ఆ ఆర్డరు సంఖ్య పక్కన ఎస్‌ఈఎస్ ఇచ్చిన సందేశ సంఖ్య రాసి ఉండాలి. పంపేటప్పుడు 250 పక్కనే వచ్చే ఆ పొడవాటి సంఖ్యను దాచుకోకపోతే, ఉత్తరం ఎస్‌ఈఎస్ గడప దాటిందో, అవతలి సంస్థ తీసుకుందో, తిప్పికొట్టిందో చెప్పే కబురును ఆ ఆర్డరుతో కలపడానికి వేరే దారి వెతుక్కోవాలి.